ఎవరి ఖాతా వారే చూసుకోవాలి



ఈ సంచిక చేతికి రాగానే మనలో చాలామంది ముందుగా వెనక పేజీలు తిప్పుతారు. దాతల జాబితాలో తమ పేరుందా, ఇంటిపేరు తప్పు లేకుండా పడిందా, పక్కన వేసిన అంకె సరిగ్గా ఉందా అని చూసుకుంటారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇచ్చిన సొమ్ముకు లెక్క అడగడం దాత హక్కు, చూపించడం సంఘం బాధ్యత. అయితే అదే క్షణంలో ఇంకొక లెక్క కూడా నడుస్తుంటుంది. పేరు కనిపించగానే లోపల ఏం కదిలింది? కనిపించకపోతే ఏం కదిలేది? మన కంటే తక్కువ ఇచ్చినవాడి పేరు మన పైన పడితే ఏమనిపించింది? ఆ కదలికను పట్టుకుని పరిశీలించడాన్నే మన పెద్దలు ముహాసబా అన్నారు. ఈ పాఠం దాని గురించి.

ముహాసబా అంటే లెక్క చూసుకోవడం. హిసాబ్ అనే అరబీ మాట నుంచే వచ్చింది. అంబాజీపేట కొబ్బరి కొట్లలో రోజూ వినపడే జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఇవన్నీ అరబీ, పారశీక భాషల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. సొమ్ము లెక్కకు ఇన్ని మాటలు తెచ్చుకున్నవాళ్లం, మనసు లెక్కకు పనికొచ్చే ఆ ఒక్క మాటనూ మాత్రం మదరసాలోనే వదిలేశాం. జకాత్ విషయంలో మన దాతలు ఎంత జాగ్రత్తగా ఉంటారో అందరికీ తెలుసు. నిసాబ్ ఎంత, వెండి ప్రకారం చూడాలా బంగారం ప్రకారం చూడాలా, తాకట్టులో ఉన్న నగకు లెక్క కట్టాలా అని అడిగి మరీ తెలుసుకుంటారు. నూటికి రెండున్నర అన్నది పైసాతో సహా తేలుస్తారు. ఆ శ్రద్ధలో పదో వంతు రెండో లెక్క మీద పెట్టినా చాలు.

ఈ రోజుల్లో తనను తాను తెలుసుకోవడం ఒక పెద్ద వ్యాపారంగా కూడా మారింది. మూడు రోజుల శిబిరాలు, కొండల మీద ఏకాంతవాసాలు, కళ్లు మూసుకుని కూర్చునే తరగతులు ఉన్నాయి. కాసేపు మౌనంగా కూర్చోవడం మంచిదే, ఏతెకాఫ్ పాటించే మనకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కళ్లు మూసుకుని లోపలికి చూసుకున్నంత మాత్రాన మనిషికి తన సంగతి తెలిసిపోతుందంటే నేను నమ్మను. కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేదో చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. కాయ తనను తాను ఊపుకోలేదు. మనిషి కూడా ఒక వ్యవహారంలో పడ్డప్పుడు, ఒకరికి ఇచ్చినప్పుడు, ఒకరి దగ్గర పుచ్చుకున్నప్పుడు, కోపం వచ్చినప్పుడు, పొగడ్త విన్నప్పుడు తప్ప లోపల ఏముందో బయటపడదు.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని రెండు వైపుల నుంచి చెబుతుంది. అల్ హష్ర్ సూరాలో, అల్లాహ్‌ను మరిచిపోయినవారు తమను తామే మరిచిపోయే స్థితికి నెట్టబడతారనే హెచ్చరిక ఉంది. అల్ ఖియామా సూరాలో, మనిషి ఎన్ని సాకులు చెప్పినా తన మీద తానే సాక్షి అనే భావం ఉంది. మరిచిపోగలడు, కానీ తెలియదని తప్పించుకోలేడు. ఈ రెంటి మధ్య ఉన్న చోటే ముహాసబా చోటు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. తనను తాను ఎరిగినవాడు తన ప్రభువును ఎరుగుతాడనే భావం గల ఒక అరబీ వాక్యాన్ని ఉపన్యాసాల్లో హదీసుగా చెబుతుంటారు. ఇది దైవప్రవక్త (స) మాటగా రుజువు కాలేదని ఇమామ్ నవవీ (రహ్మ) వంటి హదీసువేత్తలు అన్నారు. యహ్యా ఇబ్న్ ముఆజ్ రాజీ అనే సూఫీ పెద్ద మాటగా దీన్ని చెబుతారు. మాటలోని భావం గొప్పదే, కానీ ఎవరి మాట వారి ఖాతాలో వేయడం కూడా లెక్కలో భాగమే కదా.

మన గోదావరి ప్రాంతంలో ఈ చర్చ తెలుగులో ఎప్పుడూ జరగలేదని అనుకోకూడదు. పిఠాపురం వాస్తవ్యులు డాక్టర్ ఉమర్ అలీషా (1885–1945) ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి. బ్రిటిష్ కాలంలో కేంద్ర శాసనసభలో సభ్యులు. సూఫీ వేదాంత దర్శము అనే గ్రంథం కూడా ఆయన రచనే. ఆయన సిద్ధాంతాలన్నిటితో మన ఉలమాలు ఏకీభవించరు, ఆ వాదంలోకి నేను వెళ్లడం లేదు. ఒక తెలుగు ముస్లిం, తెలుగు పద్యంలో, మనిషి తన లోపల ఏముందో వెతుక్కోవడం గురించి రాశాడన్నది మాత్రం మన పిల్లలకు తెలియాలి. పిఠాపురం ఇక్కడికి అట్టే దూరం కాదు.

ముహాసబాకు తన పేరునే ఇచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. బస్రాలో పుట్టి బాగ్దాద్‌లో జీవించి 857లో మరణించిన హారిస్ అల్ ముహాసిబీ (రహ్మ). తన లెక్క తాను చూసుకునే అలవాటు వల్లనే ఆయనకా పేరు స్థిరపడింది. అర్రిఆయా అనే గ్రంథంలో ఆయన రియా గురించి, అంటే నలుగురూ చూడాలని మంచిపని చేయడం గురించి, చాలా దూరం రాశారు. ఆయన తరువాత రెండు వందల ఏళ్లకు వచ్చిన ఇమామ్ గజాలీ (రహ్మ) ఆ దారిని ఇంకా విశాలం చేశారు. గజాలీ కథ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కారణం, ఆయన కూడా ఉపాధ్యాయుడు.

అబూ హామిద్ గజాలీ 1058లో ఇప్పటి ఇరాన్‌లోని తూస్ పట్టణంలో పుట్టారు. 1091లో సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యుడిగా నియమించాడు. ఆ రోజుల్లో ఒక విద్వాంసుడు కోరుకోగలిగిన అతి పెద్ద కొలువు అది. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. మూడు వందల మంది విద్యార్థులు. పాలకులు సలహా అడిగేవారు. ఆ స్థితిలో ఉండగా ఆయనకు ఒక అనుమానం వచ్చింది. నేను పాఠం చెబుతున్నది అల్లాహ్ కోసమా, నా పేరు కోసమా?

ఈ ప్రశ్న మనకూ అప్పుడప్పుడూ వస్తుంది. ఒక చాయ్ తాగేలోపు పోతుంది. గజాలీ దాన్ని పోనివ్వలేదు. తన నియ్యత్‌ను విప్పి చూసుకుని, తనను పాఠం వైపు తోస్తున్నది పదవి, కీర్తి మీద మోజు అని తేల్చుకున్నారు. వదిలి వెళ్లిపోదామని ఒకరోజు నిశ్చయించుకుంటారు, మర్నాడు మనసు మారుతుంది. పొద్దున ఉన్న పట్టుదల సాయంత్రానికి సడలిపోతుంది. ఇంత హోదా, ఇంత ప్రశాంతత మళ్లీ దొరకవు అని లోపలి నుంచే ఒకటి వెనక్కి లాగుతుంది. 1095లో దాదాపు ఆరు నెలలు ఇలా గడిచాయి. చివరికి పాఠం చెప్పబోతే నోరు పెగలలేదు. ఒక్క రోజైనా విద్యార్థుల తృప్తి కోసం చెబుదామనుకున్నా నాలుక కదలలేదు. తిండి సహించలేదు. ఇది మనసులో పుట్టి ఒంట్లోకి దిగిన జబ్బు, మందులతో పోదు అని వైద్యులు చేతులెత్తేశారు. అప్పుడు భార్యాబిడ్డలకు సరిపడా ఉంచి మిగిలిన ఆస్తి పంచిపెట్టి, మక్కా వెళుతున్నానని నలుగురికీ చెప్పి, సిరియా దారి పట్టారు. డమాస్కస్, జెరూసలేం, మక్కా, మదీనా. దాదాపు పదకొండేళ్లు ఏ పెద్ద మదరసాలోనూ కొలువు చేయలేదు. ఇదంతా ఆయనే అల్ మున్ఖిజ్ అనే చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు, పదవి వదిలి ఫకీరైన మహానుభావుడు అని. అసలు సంగతి ఆ తరువాత ఉంది. 1106లో ఆయన మళ్లీ పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు, నైషాపూర్‌లో. అదే పని, అవే పుస్తకాలు, అలాంటి విద్యార్థులే. చూసేవాళ్లకు ఆయన పాత కొలువుకు తిరిగొచ్చినట్టు కనిపించింది. తాను మాత్రం తిరిగి రాలేదని ఆయన రాశారు. వెనకటి రోజుల్లో హోదా సంపాదించిపెట్టే చదువు చెప్పాననీ, ఇప్పుడు హోదాను వదులుకునే చదువు చెబుతున్నాననీ ఆయన భావం. పైకి ఒక్క గీత మారలేదు. లోపల ఖాతా మొత్తం మారింది. దాతలకు ఈ కథలో పనికొచ్చే భాగం ఇదే అనుకుంటాను. తనను తాను తెలుసుకోవడమంటే చేస్తున్న పని మానేయడం కానక్కరలేదు.

ఈ లెక్క చూసుకునే పద్ధతిని గజాలీ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో వర్తకుడి భాషలో చెప్పారు. బుద్ధి అసలు వ్యాపారి. నఫ్స్, అంటే మన మనసు, అతని భాగస్వామి. పెట్టుబడి మన ఆయుష్షు. భాగస్వామికి డబ్బిచ్చి పంపేవాడు ఏం చేస్తాడు? పొద్దునే షరతులు చెబుతాడు. పగలంతా ఒక కన్నేసి ఉంచుతాడు. రాత్రి చిట్టా తెప్పించి పద్దులు చూస్తాడు. నష్టం తెస్తే జరిమానా వేస్తాడు, తరువాత ఇంకొంచెం కష్టపడమంటాడు, అప్పటికీ దారికి రాకపోతే నిలదీసి చీవాట్లు పెడతాడు. ఆరు మెట్లు. మూడో మెట్టు పేరే ముహాసబా. మనలో చాలామంది ఆరో మెట్టుతో మొదలుపెడతారు. చిట్టా చూడరు, పద్దు తేల్చరు, ఏడాదికోసారి షబే ఖద్ర్ రాత్రి ‘నేను పాపిని’ అని ఏడుస్తారు. ఏ పద్దులో ఎంత తేడా వచ్చిందో మాత్రం చెప్పలేరు. అలాంటి భాగస్వామిని ఏ కొబ్బరి వర్తకుడూ రెండో దింపుకు ఉంచుకోడు.

ఇక అసలు కష్టం. చిట్టా రాసేవాడూ మనమే, తనిఖీ చేసేవాడూ మనమే. మన లోపం మనకెలా కనబడుతుంది? దీనికి గజాలీ నాలుగు దారులు చెప్పారు. లోపాలు పసిగట్టగల గురువు దగ్గర కూర్చోవడం ఒకటి. నిజం చెప్పే స్నేహితుణ్ణి మన మీద కాపలా పెట్టుకోవడం రెండోది. శత్రువుల నోటి నుంచి వినడం మూడోది. పొగిడే మిత్రుడి కంటే తప్పులెంచే శత్రువు వల్ల లాభం ఎక్కువని ఆయన అభిప్రాయం. జనంలో తిరుగుతూ ఎదుటివాడిలో రోత పుట్టించిన గుణం తనలో ఉందేమో చూసుకోవడం నాలుగోది.

బి.ఎడ్. చదివినవారికి ఇది వినగానే జోహారీ కిటికీ గుర్తుకొస్తుంది. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు వేసిన బొమ్మ అది. ఇద్దరి పేర్లలోని ముక్కలు కలిపితే జోహారీ అయింది. కిటికీకి నాలుగు అద్దాలు. మనకూ ఇతరులకూ తెలిసిన మన సంగతులు ఒక అద్దంలో. మనకు తెలిసి ఇతరులకు తెలియనివి ఒకదానిలో. ఎవరికీ తెలియనివి ఒకదానిలో. మిగిలిన అద్దమే ముఖ్యం: ఊరందరికీ తెలిసి మనకొక్కరికే తెలియనివి. దాన్ని గుడ్డి అద్దం అంటారు. దాన్ని తుడవడానికి ఒకటే దారి, పక్కవాళ్లను అడగడం, వాళ్లు చెప్పింది వినడం. ఎనిమిదిన్నర శతాబ్దాల ముందే గజాలీ చూపిన నాలుగు దారులూ ఆ ఒక్క అద్దం వైపే వెళతాయి.

అడగడంలో హజ్రత్ ఉమర్ (రజి) కంటే పెద్ద ఉదాహరణ లేదు. కపటుల పేర్లు దైవప్రవక్త (స) హజ్రత్ హుజైఫా (రజి)కు రహస్యంగా చెప్పారని అందరికీ తెలుసు. ఖలీఫాగా ఉన్న ఉమర్ ఆయన దగ్గరకు వెళ్లి, ఆ పేర్లలో నా పేరుందా అని అడిగారని ఉల్లేఖనాల్లో ఉంది. సామ్రాజ్యాన్ని ఏలే మనిషి తన గురించి తన తీర్పును నమ్మకుండా ఇంకొకరిని అడిగాడు. తన లోపాలను తనకు కానుకగా తెచ్చి ఇచ్చేవాణ్ణి అల్లాహ్ కరుణించాలని ఆయన కోరుకునేవారట. మనకు కానుకగా శాలువా తేవచ్చు, దండ తేవచ్చు, లోపం తెచ్చినవాడు మళ్లీ మన గడప తొక్కగలడా?

గజాలీ కూడా ఇదే వాపోయారు. నీ బట్టల్లో తేలుంది అని ఎవరైనా చెబితే వాడికి కృతజ్ఞతలు చెప్పి గబగబా బట్ట దులుపుకుంటాం. చెడు గుణం కూడా తేలే, పైగా దాని కాటు సమాధి దాకా ఉంటుంది. కానీ దాన్ని చూపించినవాడితో మాత్రం, నీలో ఏం తక్కువున్నాయి అంటూ వాదానికి దిగుతాం. తాటాకు పాక, కొబ్బరాకు పందిరి ఉన్న మన సీమలో తేలు సంగతి వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు దాతల దగ్గరకు వస్తాను. ప్రళయ దినాన మొట్టమొదట తీర్పు జరిగేది ముగ్గురికని సహీహ్ ముస్లిమ్ హదీసులో ఉంది. ఒకరు యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు, ఒకరు విద్య నేర్చి నేర్పినవాడు, ఒకరు దానాలు చేసినవాడు. ముగ్గురూ మంచిపనులే చెప్పుకుంటారు. వీరుడనిపించుకోవడానికి, పండితుడనిపించుకోవడానికి, దాత అనిపించుకోవడానికి చేశారు, ఆ పేర్లు లోకంలో వచ్చేశాయి, ఇక్కడ ఏమీ మిగల్లేదు అని తేలుతుంది. ఆ ముగ్గురిలో పాఠం చెప్పేవాడూ, దానం చేసేవాడూ ఇద్దరూ ఉన్నారు గనుక ఇది రాసేవాడికీ చదివేవారికీ సమానంగా వర్తిస్తుంది.

అల్ బఖరా సూరాలో ఇచ్చి దెప్పడం, మనసు నొప్పించడం దానాన్ని పాడుచేస్తాయని చెబుతూ ఒక పోలిక ఉంది. నున్నటి బండ మీద పలచగా మట్టి పరుచుకుని ఉంటుంది. పెద్ద వాన పడితే మట్టంతా కొట్టుకుపోయి బండ బయటపడుతుంది. పైన మట్టి ఉన్నంతసేపూ అది పొలంలాగే కనిపించింది. వాన వచ్చి చెప్పింది అది బండ అని. 2022 జులైలో గోదావరి వరదలప్పుడు లంక గ్రామాలకు బియ్యం, కూరగాయలు, తాగునీరు మోసినవాళ్లలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఏ పేరూ చెప్పకుండా పడవ ఎక్కి వెళ్లి వచ్చినవాళ్లున్నారు. ఒక సంచీని ఆరుగురు పట్టుకుని, పుచ్చుకునే ముసలమ్మ తల తిప్పుకుంటే ఇటు చూడమ్మా అని మళ్లీ ఫొటో తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. సంచీలో బియ్యం రెండు చోట్లా ఒకటే.

దానాన్ని బాహాటంగా ఇవ్వడం తప్పు కాదని అదే సూరా చెబుతుంది, రహస్యంగా పేదలకిస్తే ఇంకా మేలని చెబుతుంది. నలుగురికీ తెలిస్తే ఇంకో నలుగురు ముందుకొస్తారు, కాబట్టి జాబితా అచ్చు వేయడం ధర్మమే. ఏ దారిలో ఇచ్చినా ఎందుకిచ్చానో తనకు తెలిసి ఉండాలి, అంతే. హజ్రత్ హుసైన్ (రజి) కుమారుడు ఇమామ్ జైనుల్ ఆబిదీన్ గురించి పెద్దలు ఒక సంగతి చెబుతారు. మదీనాలో ఎన్నో పేద ఇళ్ల ముందు రాత్రిపూట పిండి, రొట్టెల సంచులు ఉండేవి. ఎవరు పెట్టేవారో ఎవరికీ తెలియదు. ఆయన మరణించాక ఆ సంచులు ఆగిపోయాయి. గుస్ల్ చేయించేటప్పుడు వీపు మీద మోత గుర్తులు కనిపించాయి. అప్పుడు తెలిసింది ఊరికి. అంతకాలం ఆయన లోభి అని అనుకున్నవాళ్లు కూడా ఆ ఊళ్లో ఉన్నారట. తనను లోభి అంటుంటే విని ఊరుకోగలగడానికి తన గురించి తనకు ఎంత స్పష్టంగా తెలిసి ఉండాలి!

ఈ విషయంలో ఇచ్చేవారి లెక్క ఒక్కటే ఉందనుకోవద్దు. పుచ్చుకునే పిల్లలు కూడా తమను తాము తెలుసుకుంటున్నారు, మన కళ్లలోకి చూసి. 1902లో చార్లెస్ కూలీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దీనికి అద్దంలో ఆత్మ అని పేరు పెట్టాడు. ఎదుటివాడికి నేను ఎలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను, అతను నా గురించి ఏమనుకుంటున్నాడో ఊహించుకుంటాను, దాన్నిబట్టి గర్వమో సిగ్గో పడతాను. నేనెవరన్న భావం ఇలా తయారవుతుందని ఆయన సిద్ధాంతం. పిల్లల విషయంలో ఇది అక్షరాలా నిజం.

తరగతిలో దీన్ని చూడడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే పరిశోధకులు వాడినది. ‘నేనెవరు?’ అనే ప్రశ్నకు ఇరవై జవాబులు రాయమనడమే. ఎనిమిదో తరగతి పిల్లల చేత రాయిస్తే మొదటి నాలుగైదు చకచకా వస్తాయి. పేరు, ఊరు, బడి, ముస్లింని, మా అమ్మ కువైట్‌లో ఉంటుంది, మా నాన్న మస్కట్‌లో డ్రైవరు. తరువాత కలం నెమ్మదిస్తుంది. ‘నేను లెక్కల్లో వీక్’ అని చాలా కాగితాల్లో కనిపిస్తుంది. ఆ వాక్యం పిల్లవాడిది కాదు. ఎవరో పెద్దవాళ్లు అన్న మాట వాడి నోట్లో స్థిరపడింది. ఒక కాగితంలో నాలుగో జవాబుగా ‘మేం సాయం తీసుకునేవాళ్లం’ అని ఉంది. తనకిష్టమైన ఆట కంటే, తను వేసే బొమ్మల కంటే, తన మంచి గొంతు కంటే ముందు అది వచ్చింది. ఆ పిల్లకు పుస్తకాలు వచ్చాయి, ఫీజు వచ్చింది, దాంతోపాటు ఈ వాక్యం కూడా వచ్చింది. మొదటి రెండిటికీ మన రసీదు పుస్తకంలో పద్దుంది. మూడోదానికి లేదు.

బయటివారు ఇచ్చిన పేరును ఏం చేయాలో తెలిసిన ఒక తెలుగు మనిషి ఉన్నాడు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూదేకుల పేద కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్. బుర్రకథను ఊరూరా నిలబెట్టి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూశాడు. పింజారి అనేది దూది ఏకే పని చేసేవారి పేరు. మన సమాజంలో బయటివాళ్లే కాదు, చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా, సాటి ముస్లింలు కూడా దాన్ని చులకనగానే వాడారు. నాజర్ తన ఆత్మకథకు పెట్టిన పేరు పింజారి. ఎదుటివాడు విసిరిన మాటను తీసుకుని అట్ట మీద అచ్చు వేయించాడు. తన పనితనం ఏమిటో, తన గొంతు ఏమిటో తనకు తెలిసినవాడికి ఆ పేరు బరువు కాలేదు. అయితే నాజర్‌కు అది చాలా ప్రయాణం తరువాత, ప్రేక్షకుల చప్పట్ల మధ్య సాధ్యమైంది. పన్నెండేళ్ల పిల్లను వేదిక మీద నిలబెట్టి ‘నిరుపేద విద్యార్థిని’ అని మైకులో చదివి, ఆమె కూడా అలాగే నిబ్బరంగా ఉండాలనుకోవడం న్యాయం కాదు.

ఒక హెచ్చరిక చేయాలి. ఇవన్నీ విని, నా నియ్యత్ పూర్తిగా శుభ్రపడేదాకా ఇవ్వనులే అనుకునేవారు ఉంటారు. ఇది నఫ్స్ వేసే పాత ఎత్తు. జనం చూస్తారని మంచిపని మానేయడం కూడా రియాలోకే వస్తుందని ఫుజైల్ ఇబ్న్ ఇయాజ్ (రహ్మ) అనేవారు. పిల్లల ఫీజు గడువు మన మనసు శుభ్రపడేదాకా ఆగదు. ఇస్తూనే లెక్క చూసుకోవాలి, లెక్క చూసుకుంటూనే ఇవ్వాలి. గజాలీ అంతటివారికే ఏళ్లు పట్టింది.

ఆచరణలో చేయదగ్గవి కొన్ని సంఘం పెద్దల ముందు ఉంచుతున్నాను. చందా రసీదులో ఒక చిన్న గడి పెట్టండి, పేరు అచ్చు వేయాలా వద్దా అని. వద్దన్నవారిని బతిమాలకండి. విద్యార్థుల సొమ్ము వేదిక మీద కవరులో కాకుండా వారి ఖాతాలో వేయండి. సభకు వాళ్లను పిలిస్తే నాత్ పాడడానికి, ప్రసంగించడానికి, వేసిన బొమ్మలు చూపించడానికి పిలవండి. జకాత్ ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని పుచ్చుకునేవారికి చెప్పనవసరం లేదని ఫిఖ్‌లో ఉంది. నియ్యత్ ఇచ్చేవాడి మనసులో ఉంటే చాలు. ఈ సౌకర్యాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు. అయిదారేళ్ల కిందట మన సాయంతో చదువుకుని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారిని ఒకసారి కూర్చోబెట్టి, మేం ఇచ్చిన తీరులో మీకు నొప్పి కలిగించిందేమిటి అని అడగండి. అడిగేటప్పుడు డబ్బిచ్చినవారు ఆ గదిలో ఉండకూడదు. గుడ్డి అద్దం తుడవడానికి వాళ్లకంటే తగినవారు మనకు దొరకరు.

ఇంట్లో చేసుకునేది ఇంకా చిన్నది. ఒక నోటు పుస్తకం, రోజూ మూడు ప్రశ్నలు. ఇవాళ ఎవరికి ఏమిచ్చాను? డబ్బే కానక్కర్లేదు, సమయం, సలహా, ఒక ఫోను మాట కూడా పద్దే. ఆ సంగతి ఎవరికి చెప్పాను? ఎందుకు చెప్పాను? మొదటి రెండిటికీ ఒక్కో లైను చాలు. మూడోదానికి ఖాళీ ఎక్కువ వదలండి. పుస్తకం ఎవరికీ చూపించకండి, చూపించాలనిపిస్తే ఆ సంగతి కూడా అందులోనే రాయండి. వచ్చే రంజాన్‌లో మొదలుపెడితే తరావీహ్ అయ్యాక, ఇంట్లోవాళ్లు సహరీ కోసం తొందరగా పడుకున్న వేళ దీనికి అనువుగా ఉంటుంది.